థైరాయిడ్ ఉన్నవారు మెనోపాజ్‌కు హార్మోన్లు వాడవచ్చా?

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. మాది పర్లాకిమిడి. ఎనిమిదేళ్లుగా థైరాయిడ్‌కు 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. నెలసరి ఆగిపోయి ఏడాదిన్నర అయింది, గర్భసంచి తీయించుకోలేదు. వేడి ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు భరించలేకపోతుంటే, అమెరికాలో ఉంటున్న మా అక్క తాను వాడే ‘సహజ హార్మోన్లు’ తెచ్చి ఇచ్చింది. అవి అక్కడి కాంపౌండింగ్ ఫార్మసీలో తయారుచేయించిన ఈస్ట్రోజెన్ క్యాప్సూళ్లు, ఒంటికి రాసుకునే ప్రొజెస్టిరాన్ క్రీము. మూడు నెలలుగా వాడుతున్నాను. ఆవిర్లు తగ్గాయి గాని నీరసం పెరిగింది. థైరాయిడ్ రక్తపరీక్షలో ఇదివరకు 2.6 ఉన్న టీఎస్‌హెచ్ ఇప్పుడు 8.1 వచ్చింది. థైరాయిడ్ మాత్రను నేనే 100కు పెంచుకోవచ్చా? మొన్న రెండు రోజులు కొద్దిగా రక్తపు మరక కూడా కనిపించింది. అది మామూలేనని అక్క అంటోంది.
— ఒక సోదరి

జవాబు: అమ్మా, మీరు ఉత్తరం చివర చెప్పిన విషయానికే ముందుగా జవాబు చెప్పాలి. నెలసరి ఆగి ఏడాది దాటిన తరువాత రక్తం ఎంత కొద్దిగా కనిపించినా పరీక్ష చేయించుకోవలసిందే. హార్మోన్లు మొదలుపెట్టిన తొలి నెలల్లో కొందరికి ఇలా కావడం నిజమే గాని, మీ విషయంలో అలా అనుకుని ఊరుకోవడానికి వీలు లేదు. గర్భసంచి ఉన్న స్త్రీ ఈస్ట్రోజెన్ ఒక్కటే తీసుకుంటే లోపలి పొర మందమవుతూ పోయి, కొంతకాలానికి క్యాన్సర్‌కు దారితీసే ప్రమాదం ఉంది. ఆ పొరను అదుపులో ఉంచడానికే ప్రొజెస్టిరాన్ ఇస్తారు. చర్మానికి రాసే క్రీము ద్వారా అందుకు చాలినంత మందు ఒంట్లోకి చేరుతుందన్న భరోసా లేదు కనుక, మీరు రెండూ వాడుతున్నా ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడుతున్నట్టు భావించి జాగ్రత్తపడాలి. బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి గాని, మీకు దగ్గరైన శ్రీకాకుళానికి గాని వెళ్లి, ఈ వారంలోనే స్త్రీల వైద్యురాలికి చూపించి, గర్భసంచి లోపలి పొర మందం కొలిచే స్కానింగ్ చేయించుకోండి. అవసరమనుకుంటే వారు ముక్క తీసి పరీక్షకు పంపుతారు. అంతవరకు ఆ క్యాప్సూళ్లు, క్రీము రెండూ ఆపివేయండి. ఆవిర్లు తిరిగి రావచ్చు, కొద్ది రోజులు ఓర్చుకోండి.

ఇక థైరాయిడ్ సంగతి. నోటితో తీసుకున్న ఈస్ట్రోజెన్ పేగుల నుంచి నేరుగా కాలేయానికి చేరుతుంది. అప్పుడు కాలేయం థైరాయిడ్ హార్మోన్‌ను పట్టి ఉంచే ఒక ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. హార్మోన్‌లో ఎక్కువ భాగం ఆ ప్రొటీన్‌కు అంటుకుపోయి, శరీరానికి పనికివచ్చే భాగం తగ్గుతుంది. ఆరోగ్యమైన థైరాయిడ్ గ్రంథి మరికొంత తయారుచేసి ఆ లోటు తీర్చుకుంటుంది, మీలాగా మాత్ర మీద ఆధారపడినవారిలో అది జరగదు. థైరాయిడ్ హార్మోన్ చాలనప్పుడు టీఎస్‌హెచ్ పెరుగుతుంది; మీ నీరసానికీ, పెరిగిన టీఎస్‌హెచ్‌కూ చాలావరకు కారణం ఇదే కావచ్చు. అలాగని మాత్రను సొంతంగా పెంచకండి. క్యాప్సూల్ ఆపాక ఆ ప్రొటీన్ మెల్లగా పూర్వస్థితికి వస్తుంది, అప్పుడు 100 మైక్రోగ్రాములు మీకు ఎక్కువైపోవచ్చు. ఎక్కువైతే గుండె దడ, చెమటలు, నిద్రలేమి వస్తాయి; వాటిని మీరు మళ్లీ మెనోపాజ్ బాధలనుకుని మరో హార్మోన్ కోసం వెతుక్కుంటారు. ఈ వయసులో ఎముకలు బలహీనపడటానికీ అది కారణమవుతుంది. రిపోర్టును ఇప్పుడే మీ థైరాయిడ్ డాక్టరుకు చూపించండి. క్యాప్సూల్ ఆపిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ టీఎస్‌హెచ్ చేయించుకోండి, వీలైతే అదే ల్యాబ్‌లో. మీరు ఉదయం చోడి అంబలి తాగేవారైతే, థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకున్న గంట తరువాతే తాగండి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి.

మీ అక్కగారు ప్రేమతోనే ఇచ్చారు, ఆవిడను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కాని కాంపౌండింగ్ ఫార్మసీ ఒక డాక్టరు ఒక రోగికి రాసిన చీటీని బట్టి మందు కలిపి ఇస్తుంది. ఆ సీసా మీది పేరు మీది కాదు. ఇలా కలిపిన మందులను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ముందుగా పరీక్షించి ఆమోదించదు కనుక, క్యాప్సూల్‌లో రాసినంత మందు ఉందో, తక్కువో ఎక్కువో చెప్పలేము. అక్కడి జాతీయ విజ్ఞాన అకాడమీల సంఘమే 2020లో, వీటి వాడకాన్ని పరిమితం చేయాలని సూచించింది. మన అండాశయాలు తయారుచేసే హార్మోన్‌తో అన్ని విధాలా సమానమైన ఎస్ట్రడయోల్ (ఈస్ట్రోజెన్‌లో ఒక రకం), ప్రొజెస్టిరాన్ మన మందుల షాపుల్లోనే నియంత్రణ సంస్థలు ఆమోదించిన రూపంలో, డాక్టరు చీటీ మీద దొరుకుతున్నాయి. ‘సహజం’ అన్న మాట కోసం సముద్రాలు దాటవలసిన పని లేదు.

స్కానింగ్‌లో ఏ దోషమూ లేదని తేలితే హార్మోన్ చికిత్స మీకు మూసుకుపోయిన దారేమీ కాదు. మీకు 60 దాటలేదు, నెలసరి ఆగి పదేళ్లూ కాలేదు. రొమ్ము క్యాన్సర్, రక్తనాళాల్లో గడ్డలు, పక్షవాతం, గుండెపోటు, కాలేయ వ్యాధి వంటివి మీకు లేకపోతే, చర్మానికి రాసే ఎస్ట్రడయోల్ జెల్, నోటితో వేసుకునే ప్రొజెస్టిరాన్ గురించి వైద్యురాలిని అడగండి. జెల్ కాలేయం మీదుగా వెళ్లదు కనుక మీ థైరాయిడ్ మాత్ర మోతాదును సాధారణంగా కదిలించదు. వెళ్లేటప్పుడు ఆ సీసానూ, క్రీము డబ్బానూ, పాత కొత్త రిపోర్టులన్నిటినీ వెంట తీసుకువెళ్లండి. మీ అక్కగారికి గర్భసంచి ఉన్నట్లయితే ఆవిడను కూడా అక్కడి వైద్యులకు ఒకసారి చూపించుకోమని తప్పక చెప్పండి.