భయం కలిగిన రోజున ఎటు చూడాలి?
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మావారికి రెండు కిడ్నీలూ పనిచేయడం లేదని నిరుడు సంక్రాంతి దాటాక తెలిసింది. అప్పటినుంచి వారానికి మూడుసార్లు రెండు బస్సులు మారి డయాలసిస్‌కు తీసుకువెళుతున్నాను. డయాలసిస్‌కు డబ్బు కట్టనవసరం లేకపోయినా, ఛార్జీలకూ మందులకూ చేసిన అప్పు పెరుగుతూనే ఉంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. ప్రార్థనకు మోకరిస్తే రెండు మాటలు కాకముందే మనసు వడ్డీ లెక్కల్లోకి జారిపోతోంది. ఈ జబ్బు సంగతి తెలియడానికి రెండు వారాల ముందే, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దానపు చీటీలో ‘నీకు తోడైయున్నాను భయపడకుము’ అని ఉంది. దాన్ని బీరువా తలుపుకు అంటించుకున్నాను. ఇప్పుడు దానివైపు చూడాలంటే సిగ్గుగా ఉంది. మా సంఘంలో ఒక పెద్దాయన, విశ్వాసం ఉన్నచోట భయం ఉండదమ్మా అన్నారు. నా విశ్వాసం పోయినట్టేనా?
– ఒక సహోదరి, తెనాలి ప్రాంతం

జవాబు: అమ్మా, పోలేదు. విశ్వాసం పోయినవారికి ఆ చీటీని చూస్తే సిగ్గు కలగదు. అది వారికి గోడమీద ఉన్న పాత క్యాలెండరుతో సమానం.

ముందుగా ఆ పెద్దాయన మాట చూద్దాం. ఆయన మనసులో బహుశా యోహాను మొదటి పత్రిక నాలుగవ అధ్యాయం ఉండి ఉంటుంది. పరిపూర్ణ ప్రేమ భయాన్ని వెళ్లగొడుతుందని 18వ వచనం చెబుతున్న మాట నిజమే. కాని దానికి ముందున్న వచనం తీర్పు దినాన్ని గురించి మాట్లాడుతోంది. ఆ భయం దండనతో కూడినదని 18వ వచనమే వివరిస్తోంది. దేవుడు నన్ను శిక్షిస్తాడేమో అనే భయానికి చెప్పిన మాటను, భర్త ఆరోగ్యం గురించి భార్య పడే భయానికి తెచ్చి అతికించడం సరికాదు. ఆయన మేలుకోరే అని ఉంటారు, అయినా ఈ వాడుక మన సంఘాలలో ఎందరినో అనవసరంగా కుంగదీసింది.

భయాన్ని గురించి ‘నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను’ అన్న దావీదు మాట 56వ కీర్తనలో మూడవ వచనం. ఫిలిష్తీయులు గాతులో అతన్ని పట్టుకొన్నప్పటి కీర్తన ఇదని దాని శీర్షికలోనే ఉంది. గాతులో జరిగిన సంగతి సమూయేలు మొదటి గ్రంథం 21వ అధ్యాయంలో చదవండి: రాజైన ఆకీషుకు బహుగా భయపడి, దావీదు పిచ్చివాడిలాగా ద్వారపు తలుపుల మీద గీతలు గీస్తూ, ఉమ్మి గడ్డం మీదికి కారనిచ్చాడు. గొల్యాతును పడగొట్టినవాడు, గొల్యాతు సొంత ఊరిలోనే ఆ స్థితికి దిగాడు. ఆ మనిషి పేరున ఉన్న కీర్తన కనుకనే అందులో ‘నాకు భయం లేదు’ అని మొదలుపెట్టలేదు. మూడవ వచనంలో భయం వచ్చిందని ఒప్పుకొని, నాలుగవ వచనంలో భయపడనని చెప్పి, ఐదు ఆరు వచనాలలో మళ్లీ పొంచి ఉన్న శత్రువుల దగ్గరికి పోయి, పదకొండవ వచనంలో భయపడనని రెండవసారి చెప్పాడు. పదమూడు వచనాల చిన్న కీర్తనలోనే చూపు అటూ ఇటూ ఇన్నిసార్లు పోయి వచ్చింది. ప్రభువుమీద దృష్టి నిలపడమంటే కన్నార్పకుండా చూడడమని మనం అనుకొంటాం గాని, దావీదు చేసిందల్లా పక్కకు పోయిన చూపును ప్రతిసారీ తిప్పుకోవడమే.

పేతురు సంగతీ అంతే. మత్తయి 14వ అధ్యాయంలో, ప్రభువు దగ్గరికి నీళ్లమీద నడిచి వెళుతూ గాలిని చూచి భయపడి మునగసాగిన ఆ క్షణాన అతను చేసిన ప్రార్థన ‘ప్రభువా, నన్ను రక్షించుము’ అన్నంతే. మన తెలుగు బైబిలులోనూ మూడు మాటలే, మూలమైన గ్రీకులోనూ మూడు మాటలే. ‘అల్పవిశ్వాసీ’ అని ప్రభువు అతన్ని మందలించిన మాట నిజమే, కాని వరుస గమనించండి: వెంటనే చెయ్యి చాపి పట్టుకొన్న తరువాతే ఎందుకు సందేహపడ్డావని అడిగాడు.

ఇక ప్రార్థన వడ్డీ లెక్కల్లోకి జారిపోతోందన్నారు. జారనివ్వండి, అయితే ఆ లెక్కల పుస్తకంతో సహా ప్రభువు దగ్గరికి రండి. అష్షూరు రాజు సన్హెరీబు పంపిన బెదిరింపు ఉత్తరం చేతికందినప్పుడు యూదా రాజు హిజ్కియా దాన్ని చదివి, మందిరానికి తీసుకుపోయి, యెహోవా సన్నిధిలో విప్పి పరిచాడు (రెండవ రాజుల గ్రంథం 19:14). ఉత్తరాన్ని మరిచిపోయి ప్రార్థించడానికి అతను ప్రయత్నించలేదు. ఆ ఉత్తరమే అతని ప్రార్థన. మీరు కూడా అప్పుల పద్దు రాసుకొన్న నోటుపుస్తకాన్ని మంచం మీద తెరిచిపెట్టి, ఎవరికి ఎంత ఇవ్వాలో ఒక్కొక్క పద్దునూ ప్రభువుకు చదివి వినిపించండి. రాత్రి రెండింటికి పెద్ద ప్రార్థన చేయాలని మిమ్మల్ని మీరు హింసించుకోవద్దు. ఆ వేళకు పేతురు చేసిన మూడు మాటల ప్రార్థన చాలు. ఒకసారి డయాలసిస్ అంటే సుమారు నాలుగు గంటలు పడుతుంది గనుక, బయట బల్లమీద కూర్చొని ఉండే ఆ సమయంలో 56వ కీర్తనను మీకు మాత్రమే వినిపించేలా ఒకసారి చదవండి, అంతకంటె ఎక్కువ వద్దు. పక్క బల్లమీద ఉన్నావిడకు కూడా అదే కథ ఉంటుంది కాబట్టి, మిగిలిన సమయం ఆమెతో మాట్లాడండి.

చీటీని బీరువా మీదినుంచి తీయనవసరం లేదు, కాని దాన్ని ఈ యేడు ఏ కష్టమూ రాదనే హామీపత్రంగా చదవకండి. యెషయా 41వ అధ్యాయంలోని ఆ మాట, ఇల్లూ మందిరమూ పోగొట్టుకొని బబులోను చెరలో ఉన్న ప్రజలకు చెప్పిన మాట. కష్టం అప్పటికే వారి నెత్తిన ఉంది. తోడైయున్నాను అన్నది దాని మధ్యలోనే. అన్నట్టు, ‘భయపడకుము’ అనే మాట బైబిలులో రోజుకొకటి చొప్పున సరిగ్గా 365 సార్లు ఉందని ప్రసంగాలలో వింటూ ఉంటాం. లెక్కపెట్టి చూస్తే ఆ సంఖ్య రాదు. దేవుడు ఆ మాటను చాలాసార్లు చెప్పాడన్నది మాత్రం వాస్తవం, చెప్పవలసి వచ్చింది గనుకనే చెప్పాడు.

ప్రశ్న: హైదరాబాదులో హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నాను. రెండుసార్లు కొద్ది మార్కులతో పోయింది. నాలుగైదు నెలలుగా ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, ఊపిరాడనట్టు అనిపించడం. గుండెకు ఏమీ లేదని, మానసిక వైద్యుణ్ణి కలవమని డాక్టరు రాసిచ్చారు. ఇంటి దగ్గర చెబితే ఉపవాసముండు, మాత్రలు మింగితే దేవుణ్ణి నమ్మనట్టే అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక సోదరుడు, అమీర్‌పేట

జవాబు: తమ్ముడూ, వెళ్లి కలువు. ఈ వారంలోనే కలువు.

కర్మెలు కొండమీద ప్రార్థించి అగ్నిని దింపిన ఏలీయా ప్రవక్త, చంపిస్తానని యెజెబెలు రాణి పంపిన కబురుకు ప్రాణభయంతో పారిపోయి, ఒక బదరీవృక్షం కింద కూర్చొని చావు కోరుకొన్నాడు. దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు, ఉపవాసమూ విధించలేదు. నిద్రపోనిచ్చి, తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి, మళ్లీ పడుకొంటే పడుకోనిచ్చి, రెండవసారి లేపి మళ్లీ తినమన్నాడు. ఈ ప్రయాణం నీ శక్తికి మించినదని దేవుడే ఒప్పుకొన్న ఆ ఘట్టం రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఉంది. శరీరం అలిసిపోతే మనసు ఏమవుతుందో మనల్ని చేసినవానికి తెలుసు. పౌలు తన వెంట ఉన్న లూకాను వైద్యుడనే పిలిచాడు. తిమోతికి తరచుగా వచ్చే జబ్బులకు ప్రార్థించుకో అని ఊరుకోకుండా, కడుపు కోసం ఏం పుచ్చుకోవాలో కూడా రాశాడు.

మన సంఘాలలో ఇంగ్లండు బోధకుడు ఛార్లెస్ స్పర్జన్ పేరు తెలియనివారు తక్కువ. 1856 అక్టోబరులో, అతనికి 22 ఏళ్లప్పుడు, లండన్‌లో ఒక సంగీతశాలలో వేలమందికి బోధిస్తుండగా ఎవరో ‘నిప్పు’ అని అబద్ధపు కేక వేయడంతో తొక్కిసలాట జరిగి ఏడుగురు చనిపోయారు. ఆ దెబ్బకు అతను కుప్పకూలిపోయాడు. మనోవ్యాకులత అతన్ని జీవితాంతం వదలలేదు, ఆ సంగతిని అతను దాచుకోనూ లేదు. బోధకులు కాబోయే తన విద్యార్థులకు దాన్ని ఒక పాఠంగానే చెప్పాడు. అతనికి విశ్వాసం లేదని మీ ఇంట్లోవారు అంటారనుకోను.

అమ్మానాన్నలను తప్పు పట్టవద్దు. వారికి చేతనైన సహాయం ప్రార్థన, దాన్ని వారు మానకుండా చేయనివ్వు. నువ్వు మాత్రం మందు వాడే రోజులలో డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండవద్దు, డాక్టరు చెప్పకుండా మాత్రలు ఆపవద్దు. రాత్రిపూట మరీ భయమేస్తే, మానసిక ఆరోగ్య సహాయానికి ఉన్న ప్రభుత్వ టెలి-మానస్ ఫోను నంబరు 14416 రోజంతా ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ‘ఇక బతకడం ఎందుకు’ అనే తలంపు ఒక్కసారి వచ్చినా గదిలో ఒంటరిగా ఉండకుండా పక్క గది స్నేహితుణ్ణి లేపు, వెంటనే ఫోను చెయ్యి. పరీక్ష పోయిన సంగతి గురించి నేనేమీ చెప్పను. అది నీకూ తెలుసు, దేవునికీ తెలుసు, మనం ఇప్పుడు చూడవలసింది నీ నిద్ర సంగతి.

ప్రశ్న: నేను ఒక గ్రామ సంఘంలో పాస్టరుగారి భార్యను. అందరి బాధలూ మా గుమ్మంలోకి వస్తాయి, మా బాధ ఎవరితో చెప్పుకోవాలి? చెబితే సంఘానికి అభ్యంతరం అవుతుందేమోనని భయం.
– కోనసీమ

జవాబు: అమ్మగారూ, మా శక్తికి మించిన భారంతో కుంగిపోయాం, బతుకుతామనే నమ్మకం కూడా లేకపోయింది అని పౌలు కొరింథు సంఘమంతటికీ రాశాడు. ఆ ఉత్తరం వల్ల ఆ సంఘం చెడిపోలేదు. గెత్సేమనేలో ప్రభువే, తన ప్రాణం మరణమగునంతగా దుఃఖంలో మునిగి ఉందని ముగ్గురు స్నేహితులతో చెప్పి, తనతో కూడా మెలకువగా ఉండమని బతిమాలాడు. వారు నిద్రపోయినా మూడుసార్లు లేచి వారి దగ్గరికి వచ్చాడు. 88వ కీర్తన అయితే ఓదార్పు లేకుండా చీకటి అనే మాటతోనే ముగుస్తుంది. అలాంటి ప్రార్థనను కూడా దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడు.

అయితే మీ జంకు అర్థం లేనిది కాదు. ఊళ్లో ఒకరితో చెప్పిన మాట ఆదివారం నాటికి అందరికీ చేరుతుంది. అందుకని మీ సంఘం బయట, పక్క మండలంలో మరో పాస్టరమ్మగారిని ఒకరిని చూసుకోండి. ఆమెకూ చెప్పుకొనే మనిషి ఉండకపోవచ్చు. నెలకొక రోజు పెట్టుకొని ఒకసారి మీరు వెళ్లండి, ఒకసారి ఆమెను రమ్మనండి. మొదటిసారి బైబిలు తీయకపోయినా ఫరవాలేదు. టీ తాగి, ఉన్నది ఉన్నట్టు చెప్పుకొని, తిరుగు బస్సు అందుకోండి.