డామినెంట్ అంటే అన్నిచోట్లా ఆధిపత్యమేనా?

సందేహం: డామినెంట్ అనే మాటకు నిఘంటువులో ‘ప్రబలమైన, ఆధిపత్యం గల’ అని ఉంది. మా అబ్బాయి జీవశాస్త్రం పుస్తకంలో మాత్రం ‘బహిర్గత’ అని ఉంది. సంగీతంలోనూ కంప్యూటర్ పాఠాల్లోనూ ఇదే మాట వస్తోంది. అన్నిటికీ ‘ఆధిపత్యం’ అనేస్తే సరిపోదా అండీ?

సమాధానం: సరిపోదండి. దీనికి మూలం లాటిన్‌లో ఇంటి యజమానిని చెప్పే ‘డొమినస్’. ఆ యజమానిలో ఒక్కో శాస్త్రానికి ఒక్కో గుణం కనిపించింది. తెలుగులోకి రావాల్సింది ఆ గుణమే.

‘బహిర్గత’ అని ఎంచినవారికి దండం పెట్టాలనిపిస్తుంది నాకు. జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ పొడుగు బఠానీ మొక్కను పొట్టిదానితో సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ పొడుగువే వచ్చాయి. వాటి విత్తనాలు మళ్ళీ నాటితే 787 పొడుగువి, 277 పొట్టివి. పొట్టితనం ఎక్కడికీ పోలేదు, లోపలే దాగి ఉంది. అందుకే అది ‘అంతర్గతం’, పైకి కనిపించేది ‘బహిర్గతం’. దీన్నే ‘ప్రబలం’ అంటే, ఆ లక్షణం జనంలో ఎక్కువమందికి ఉంటుందని పిల్లలు పొరబడతారు. చేతికి ఆరో వేలు చాలా కుటుంబాల్లో బహిర్గత లక్షణంగానే వస్తుంది. అయినా మన చుట్టూ ఉన్నది ఐదు వేళ్ళవాళ్ళే కదా!

పాశ్చాత్య సంగీతంలో డామినెంట్ అంటే ఐదో స్వరం, మన లెక్కలో పంచమం. మన సంగీత శాస్త్రాల్లో రాగానికి ముఖ్యమైన ‘వాది’ స్వరాన్ని రాజుతో, దాని తర్వాతి ముఖ్య స్వరం ‘సంవాది’ని మంత్రితో పోల్చారు కాబట్టి దీన్ని ‘వాది’ అందామనిపిస్తుంది. అలా అనకండి. వాది రాగాన్ని బట్టి మారుతుంది, ఇది ఎప్పుడూ ఐదోదే. పైగా దానిమీద కట్టిన కార్డ్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపు) వింటే చెవి మళ్ళీ షడ్జానికి, అంటే ‘స’కు, ఎప్పుడు చేరతామా అని ఎదురుచూస్తుంది. పంచమం అంటే స్థానం తెలుస్తుంది గానీ ఈ లాగుడు తెలియదు. స్థానం వరకైతే ‘పంచమం’, ఆ పని చెప్పేటప్పుడు ‘డామినెంట్’ అనే రాయండి.

ఇక కంప్యూటర్‌లో ఇదే మూలం నుంచి వచ్చిన ‘డామినేటర్’ సంగతి. ప్రోగ్రామ్ మొదలైన చోటి నుంచి ఒక చోటికి ఏ దారిన వెళ్ళినా ఒక మజిలీ దాటక తప్పకపోతే, ఆ మజిలీ డామినేటర్. తిరుపతి నుంచి బస్సులో కొండెక్కేవారికి అలిపిరి అలాంటిదే. శ్రీవారి మెట్టు నుంచి నడిచి ఎక్కే దారిని కూడా లెక్కలోకి తెస్తే, అలిపిరికి ఆ హోదా పోతుంది. ఇందులో పెత్తనం ఏముంది? పాఠం చెప్పేటప్పుడు ‘దాటక తప్పని మజిలీ’ అనండి, కోడ్ రాసేవాళ్ళతో డామినేటర్ అనే అనండి.