కుర్చీలో కూర్చుని వస్తే అలసటేంటి అంటున్నారు!

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. 2015లో బీకాం పూర్తి చేశాను. రోజూ ఎల్బీనగర్ నుంచి మెట్రోలో అమీర్‌పేట వెళ్లి, ఒక చిన్న కంపెనీలో ఫ్రంట్ డెస్క్ చూసుకుంటాను. ఎంత లెక్కేసినా రెండు గంటల పనే. మిగతా సమయమంతా రీల్స్ చూడటం, ఎవరైనా వస్తే కంప్యూటర్ వైపు తిరిగి పనిలో ఉన్నట్టు కనిపించడం. సాయంత్రానికి తలనొప్పి. ఇంటికి రాగానే ఆరేళ్ల బాబు మీద అరుస్తున్నాను. వాణ్ని స్కూల్ నుంచి తెచ్చి చూసుకునేది మా అత్తయ్యే. ‘ఏసీలో కూర్చుని వచ్చావు, అలసటేంటమ్మా?’ అంటారు. మావారు ‘అలాంటి ఉద్యోగం నాకూ చూడు’ అని నవ్వుతారు. పని లేదని సార్‌కి చెబితే ఉద్యోగమే పోతుందేమోనని భయం.
- ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: మీ అలసట నిజమైనదే. ఆసుపత్రిలో మనవాళ్ల మంచం పక్కన రోజంతా ఊరికే కూర్చుని వచ్చినవాళ్లను అడగండి, ఒళ్లు ఎలా హూనమవుతుందో చెబుతారు. ఎవరు ఎప్పుడు పిలుస్తారోనని ఒక చెవి అటే వేసి కూర్చోవడం విశ్రాంతి కాదు. మీకైతే పైన నటన కూడానూ. 2007లో ఇద్దరు స్విట్జర్లాండ్ వాళ్లు దీనికి ‘బోర్‌అవుట్’ అని పేరు పెట్టారు. మీవారు ఈసారి నవ్వితే ఆ మాట చెప్పండి.

రీల్స్ మానేయమని చెప్పను. చేతిలో ఇంకొకటి లేకుండా మానలేరు. ఫోన్ మోగగానే వదిలేసి, మళ్లీ అక్కడి నుంచే అందుకోగల పని కావాలి మీకు. నవల పనికిరాదు. కథ మంచి పట్టులో ఉండగా కొరియర్ అబ్బాయి వస్తాడు, పాపం అతని మీద విసుక్కుంటారు.

మీరు బీకాం చదివేటప్పుడు జీఎస్టీ లేదు, 2017 జూలై 1న వచ్చింది. కోచింగ్ కోసం ఎక్కడెక్కడి పిల్లలో వచ్చే అమీర్‌పేటలో కూర్చుని మీరు రీల్స్ చూస్తున్నారు! మీ ఆఫీసు అకౌంటెంట్‌ని గమనించండి. నెలనెలా రిటర్న్ వేసే కంపెనీ అయితే 14న పోర్టల్‌లో 2బీ (మీ కంపెనీకి అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితా) వస్తుంది, 20లోగా 3బీ (ఆ నెల పన్ను లెక్క చెప్పే రిటర్న్) వేయాలి. ఆ వారం ఆయన టెన్షన్ చూడాలి. కొనుగోలు బిల్లులు ఒక్కొక్కటే తీసి 2బీతో సరిచూడటం అచ్చంగా మీకు కావలసిన పని. ఒక బిల్లు అయ్యాక ఎవరొచ్చినా లేవచ్చు.

సార్‌తో ‘నాకు పని లేదు’ అనకండి. ‘మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు సందడి తక్కువ. ఈ నెల బిల్లులు సరిచూసి పెడతాను, నేర్చుకున్నట్టూ ఉంటుంది’ అనండి. ‘ఈ నెల’ అన్న మాట వదలొద్దు. లేకపోతే ఒక జీతానికి రెండు కుర్చీల పని మీద పడుతుంది. మన ఆఫీసుల్లో అది కొత్తా?

మిగతా రోజులకు తెలుగు వికీసోర్స్ చూడండి, పాత పుస్తకాలను అందరూ కలిసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టే చోటు అది. పాత పుస్తకాల స్కాన్ పేజీ ఒకపక్క, టైపు చేసిన పాఠం ఇంకోపక్క ఉంటాయి. తప్పులు దిద్దాలి, ఒక్కో పేజీ చొప్పున. తెలుగు టైపింగూ చేతికొస్తుంది. సార్ ఒప్పుకుంటేనే ఆఫీసు కంప్యూటర్‌లో చేయండి. మీ బ్యాంకు పనులు మాత్రం అందులో వద్దు.

ఇక అత్తయ్యగారు. వంటింట్లో నిలబడి, ఆరేళ్ల పిల్లాడి వెనక పరిగెత్తిన మనిషి అలా అన్నారంటే, ‘నేనూ అలసిపోయానమ్మా’ అనే అర్థం ఉండొచ్చు. మీ ఉద్యోగం గురించి వాదించకండి. మెట్రోలో ఫోన్ బ్యాగులో పెట్టేయండి, ఎల్బీనగర్‌లో దిగాక పది నిమిషాలు నడవండి. ఇంటికి వెళ్లి టీ పెట్టి, ముందు కప్పు ఆవిడకివ్వండి. మీవారికి మాత్రం విడమరచి చెప్పండి. ఉదయం నుంచి గంట గంటకీ ఏం చేశారో ఒక్కరోజు రాసి ఆ కాగితం ఆయన చేతికివ్వండి.

ఆదివారం ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఇదే నిస్సత్తువ, ఇదే చిరాకు ఉంటే అది ఆఫీసు సంగతి కాదు. డాక్టర్‌కు చూపించుకోండి. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.