ట్యాంకు నీళ్లు బాగున్నా విరేచనాలు ఎందుకు ఆగడం లేదు?

ట్యాంకు దగ్గర పరీక్షిస్తే నీళ్లు బాగానే ఉన్నాయన్నారని, అయినా విరేచనాలు ఇంటింటికీ పాకుతున్నాయని రాశారు. తప్పు నీళ్లదా, మనుషులదా అని మీ ప్రశ్న. ఇలాంటప్పుడు ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే పని కొన్నేళ్లు చేశాను. ఆ రెండింటినీ విడదీయడం కష్టమండీ.

సరఫరా ఆగగానే గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడైనా పగులుండి పక్కనే మురుగు ఉంటే లోపలికి వచ్చేస్తుంది. కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే మరీను. నీళ్లు ఆ ఒక్క ఇంటికి, జబ్బు వీధంతటికీ! కాబట్టి క్లోరిన్ చూడాల్సింది చివరి ఇంటి కుళాయి దగ్గర. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి.

ఇంట్లో సంగతి వేరు. బిందెకు మూత ఉంటుంది, మూత మీద చెంబు ఉంటుంది. ఆ చెంబు ముంచినప్పుడల్లా నాలుగు వేళ్లూ నీళ్లలోకి వెళ్తాయి. చేతులు కడుక్కోమంటే అందరూ తలూపుతారు, అంతే. బిందె తీసేసి కింద కుళాయి ఉన్న డబ్బా పెట్టుకున్న ఇళ్లలో మాత్రం ముంచే పనే లేకుండా పోయింది.

పసిపిల్లల మలం ఏం చేయదులే అని కాలువలో పారేయడం చాలాచోట్ల చూశాను. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌ను ముంచేసిన కలరా ఎలా మొదలైందని ఆరా తీస్తే, ఒక పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్ల దగ్గర తేలింది. ఆ నీళ్లు పోసిన గుంత మంచినీళ్ల బావి పక్కనే ఉంది.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది సిగ్గు. "మీ ఇంట్లో ఎవరికైనా విరేచనాలా?" అంటే అబ్బే, లేదంటారు. పక్కింటివాళ్ల సంగతి మాత్రం పూసగుచ్చినట్టు చెబుతారు! "ఈ వారం ఎవరైనా పనికో బడికో వెళ్లలేదా?" అని అడగడం మొదలుపెట్టాక నిజాలు బయటికొచ్చాయి. మీరూ అలాగే అడిగి చూడండి. కలరా సోకినా చాలామందికి లక్షణాలు ఉండవు, క్రిములు మాత్రం మలంలో పది రోజుల వరకు పోతూనే ఉండొచ్చు. దాచిపెట్టిన ఇంట్లో ఓఆర్‌ఎస్ కూడా ఆలస్యంగా మొదలవుతుంది, అదీ ప్రమాదం.

ఇంకో మాట. విరేచనాలు తగ్గగానే నీళ్లు కాచుకోవడం మానేస్తారు. అదే మురుగుతో వచ్చే పచ్చకామెర్లు బయటపడటానికి రెండు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. లీకేజీ సరిచేసి, చివరి కుళాయిలో క్లోరిన్ కనిపించేదాకా కాచడం ఆపకండి. గర్భిణులకు మూత్రం ముదురు పసుపుగా వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించండి.