బరువు తగ్గడం సరే, ముందు ఆ ఛాతీ సంగతి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. మాది కావలి, కిరాణా కొట్టు నడుపుతున్నాను. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 92 కేజీలు. ఆరేళ్లుగా షుగర్, నాలుగేళ్లుగా బీపీ ఉన్నాయి. గ్లిమిపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటాను. బీపీకి టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన మాత్ర రోజూ ఒకటి. ఏడాది దాటింది, రక్తపరీక్షలు చేయించలేదు. ఈమధ్య మెట్లెక్కినా, గబగబా నడిచినా ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది. రెండు మూడు నిమిషాలు కూర్చుంటే తగ్గిపోతుంది. గ్యాస్ అనుకుని రెండు నెలలుగా పాంటాప్రజోల్ వేసుకుంటున్నాను. మోకాళ్ల నొప్పులకు అప్పుడప్పుడు డైక్లోఫెనాక్. సోమవారం నుంచి అన్నం పూర్తిగా మానేసి, రాత్రిపూట పండ్లు మాత్రమే తిని, పొద్దున్నే పరగడుపున గంటసేపు జిమ్‌కు వెళ్లాలనుకుంటున్నాను. తెలిసినాయన బరువు తగ్గే పొడి కూడా ఇస్తానంటున్నాడు. మూడు నెలల్లో 15 కేజీలు తగ్గాలి. అన్నం మంచిదా, చపాతీనా, చిరుధాన్యాలా? డైట్ చార్ట్ ఇవ్వగలరు.
ఒక పాఠకుడు, కావలి

జవాబు: అన్నమా చపాతీనా అన్నది తర్వాత చూద్దాం. మీ లేఖలో నాకు భయం వేసిన మాట మధ్యలో ఎక్కడో ఉంది. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోంది, కూర్చుంటే తగ్గుతోంది అన్నారు. 46 ఏళ్లు, ఆరేళ్ల షుగర్, బీపీ, ఈ బరువు. ఇవన్నీ ఉన్న మనిషికి శ్రమ చేస్తే వచ్చి, ఆగితే పోయే ఛాతీ బిగుతు ఉంటే, గుండె రక్తనాళాల్లో అడ్డంకి లేదని తేలేదాకా అది గుండె నొప్పేనని అనుకుని నడుచుకోవాలి. లేఖ చదివి జబ్బు ఇదేనని నేను చెప్పలేను. గ్యాసే కావచ్చు, కండరాల నొప్పి కావచ్చు. కానీ గ్యాస్ మంట సాధారణంగా తిన్నాకో, పడుకున్నప్పుడో వస్తుంది. మెట్లెక్కగానే వచ్చి కూర్చోగానే పోదు. రెండు నెలలు పాంటాప్రజోల్ వేసుకున్నా తగ్గలేదంటే, మీరు వెతుకుతున్న చోట జబ్బు లేదేమోనన్న అనుమానం మీకే రావాల్సింది. షుగర్ ఉన్నవాళ్లలో నరాలు మొద్దుబారి గుండె నొప్పి ఒక్కోసారి నొప్పిగా తెలియదు. ఆయాసం, చెమటలు, దవడ లాగడం, అకారణంగా నీరసం, అంతే ఉంటుంది.

కాబట్టి సోమవారం జిమ్ వద్దు. ఈ వారంలోనే డాక్టరును కలిసి ఈసీజీ తీయించుకోండి. మీ ఊరి ఏరియా ఆసుపత్రిలోనైనా తీస్తారు. అది నార్మల్‌గా వచ్చింది కదా అని ఊరుకోకండి. పడుకోబెట్టి తీసే ఈసీజీలో, శ్రమప్పుడు వచ్చే ఇబ్బంది కనిపించకపోవచ్చు. ఎకో (గుండె స్కానింగ్), అవసరమైతే నడిపిస్తూ ఈసీజీ తీసే ట్రెడ్‌మిల్ పరీక్ష గుండె వైద్యుడు నిర్ణయిస్తారు. వాటికి నెల్లూరు గానీ ఒంగోలు గానీ వెళ్లాల్సి రావచ్చు, వెళ్లండి. ఈలోగా బస్తాలు మోయడం, మెట్లు గబగబా ఎక్కడం మానేయండి. కూర్చున్నప్పుడే ఛాతీ పట్టేసినా, పది పదిహేను నిమిషాలైనా తగ్గకపోయినా, చెమటలు పట్టినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా వెంటనే 108కి ఫోన్ చేయండి. మీ బండి మీరే నడుపుకుంటూ ఆసుపత్రికి బయల్దేరకండి. ఎవరో చెప్పారని గుండె నొప్పికి వాడే సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టుకోకండి. బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు.

రెండో సంగతి మీ షుగర్ మాత్ర. డైట్ మొదలుపెట్టేవాళ్లలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ మరీ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు. మీరు తిన్నా తినకపోయినా అది క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. ఆ మాత్ర వేసుకుని అన్నం మానేసి, పరగడుపున గంటసేపు వ్యాయామం చేస్తే షుగర్ 70 కన్నా కిందికి దిగిపోవచ్చు. చేతులు వణకడం, చెమట, గుండె దడ, విపరీతమైన ఆకలి, కళ్లు బైర్లు కమ్మడం, మాట తడబడటం దాని గుర్తులు. మీ ప్లాన్‌లో రాత్రి సంగతి ఇంకా ప్రమాదం. పళ్లెం నిండా ఉలవపాడు మామిడి ముక్కలు తింటే పదకొండింటికి షుగర్ బాగా పెరుగుతుంది, తెల్లవారుజామున మాత్ర ప్రభావం మిగిలి ఉండగా పడిపోవచ్చు. నిద్రలో పడిపోతే మీకు తెలియదు, ఇంట్లోవాళ్లకూ తెలియదు.

అలాగని ఇది చదివి గ్లిమిపిరైడ్ మీ అంతట మీరే ఆపేయకండి. సగానికి విరిచి వేసుకోకండి. అదీ సొంత వైద్యమే. "తిండి తగ్గించి నడక మొదలుపెడుతున్నాను, మోతాదు మార్చాలా" అని మీ డాక్టరును అడగండి. బరువు పెంచని, షుగర్‌ను ఇలా పడేయని మందులు ఇప్పుడున్నాయి. మీకు సరిపడేది మీ కిడ్నీ పరీక్ష చూశాకే చెప్పగలరు. కొట్లో, జేబులో గ్లూకోజ్ పొడి ఉంచుకోండి. షుగర్ పడిపోయినట్టు అనిపిస్తే మూడు చెంచాల గ్లూకోజ్ గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి తాగండి. పావుగంటకు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ తాగండి, కుదుటపడ్డాక ఏదైనా తినండి. చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా రక్తంలోకి చేరుతుంది. గ్లిమిపిరైడ్ వల్ల పడిన షుగర్ ఒకసారి పెరిగినా కొన్ని గంటల తర్వాత మళ్లీ పడొచ్చు. కాబట్టి ఆ రోజే డాక్టరుకు చెప్పండి. మనిషి మగతలో ఉంటే నోట్లో ఏమీ పోయకూడదని ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి.

ఇక డైక్లోఫెనాక్. మందుల షాపులో అడగ్గానే ఇచ్చేస్తారు కాబట్టి అదేదో మామూలు మాత్ర అనుకుంటారు. మీ బీపీ మాత్రలో టెల్మిసార్టాన్ ఉంది, ఒంట్లో నీరు తగ్గించే హైడ్రోక్లోరోథయాజైడ్ ఉంది. ఈ రెండింటికీ డైక్లోఫెనాక్ కలిస్తే కిడ్నీకి రక్తం అందడం తగ్గిపోతుంది. పైగా ఎండల్లో చెమటలు కారి, తిండీ నీళ్లూ తగ్గించి ఉంటే కిడ్నీ ఒక్కసారిగా దెబ్బతినే అవకాశం ఉంది. ఆ మాత్ర బీపీని పెంచుతుంది, గుండె మీదా భారం వేస్తుంది. మీరు ఏడాదిగా క్రియాటినిన్, అంటే కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష చేయించుకోలేదు. ఆ మాత్ర ఈరోజుతో ఆపండి. మోకాళ్లకు వేడి కాపడం పెట్టుకోవచ్చు. మరీ తట్టుకోలేకపోతే పారాసిటమాల్ వాడొచ్చా, ఎంత వాడొచ్చు అని డాక్టరును అడిగి వేసుకోండి. ఒక్క కేజీ బరువు తగ్గితే నడిచేటప్పుడు వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కేజీల భారం తగ్గుతుంది. మోకాళ్లకు మీరు చేయగలిగిన పెద్ద వైద్యం అదే.

బరువు తగ్గే పొడి తీసుకోకండి. డబ్బా మీద మూలికల పేర్లే రాసి ఉన్నా, లోపల ఇంకేమైనా కలిసి ఉంటే మీకు తెలిసే దారి లేదు. గుండెకు ముప్పని మన దేశంలో 2011లో నిషేధించిన బరువు తగ్గించే మందు సిబుట్రమిన్ ఇలాంటి పొడుల్లో కల్తీగా బయటపడిన సందర్భాలు ప్రపంచమంతా ఉన్నాయి. బరువు తగ్గుతారని థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లూ ఉన్నారు. థైరాయిడ్ లోపం లేనివాళ్లు అవి మింగితే గుండె లయ తప్పవచ్చు. ఈమధ్య అందరూ అడుగుతున్న బరువు తగ్గించే ఇంజెక్షన్లు మంచి మందులే, కానీ గ్లిమిపిరైడ్‌తో కలిపితే షుగర్ పడిపోవచ్చు. వాటిని నిపుణుడు రాసి ఇవ్వాలి, తెలిసినవాళ్లు తెచ్చిపెట్టకూడదు.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఈసీజీతో పాటు పరగడుపు షుగర్, తిన్నాక రెండు గంటల షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ (ప్రొటీన్), కొలెస్ట్రాల్, లివర్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు రాయించుకోండి. కంటి డాక్టరు దగ్గర చుక్కల మందు వేసి రెటీనా చూపించుకోండి. రెటీనాలో కొత్త రక్తనాళాలు పుట్టి ఉంటే బరువులెత్తినప్పుడు అవి చిట్లి కంట్లో రక్తస్రావం కావచ్చు. అందుకే జిమ్ కన్నా ముందు కళ్లు. గురక, పగటి నిద్ర ఉంటే అదీ చెప్పండి.

ఇప్పుడు తిండి. అన్నం మానక్కర్లేదు, తూచుకోవాలి. కిరాణా కొట్టు కాబట్టి త్రాసు మీ చేతిలోనే ఉంది. మధ్యాహ్నం వండిన అన్నం 150 గ్రాములు. దాదాపు 200 కేలరీలు. రాత్రి 100 గ్రాముల అన్నం గానీ, రెండు చిన్న పుల్కాలు గానీ. ఒక వారం నిజంగా తూచండి, ఆ తర్వాత కంటికే తెలుస్తుంది. చపాతీలు నాలుగు తింటే అన్నం మానేసిన లాభం లేదు. కొర్రలు, సజ్జలు, రాగులు మంచివే, పీచు ఎక్కువ. కానీ అవీ పిండిపదార్థాలే, అవీ అన్నం కొలతకే లోబడాలి. రాగి జావ పల్చగా కాచి గ్లాసుల కొద్దీ తాగితే షుగర్ తొందరగా పెరుగుతుంది. రాగులు కావాలంటే చిన్న ముద్ద సంగటి, పక్కన కూర ఎక్కువ పెట్టుకుని తినండి.

తినే వరస మార్చండి. ముందు కూర, గుడ్డో చేపో, చివర్లో అన్నం. ఇలా తింటే తిన్న తర్వాత షుగర్ పెరుగుదల తగ్గుతుందని తేలింది. బీర, సొర, దొండ, బెండ, గోంగూర, తోటకూర లాంటివి పళ్లెంలో సగం ఉండాలి. బంగాళాదుంప, చామదుంప కూరల లెక్కలోకి రావు, అన్నం లెక్కలోకి వస్తాయి. చేపల పులుసు మానమని నేను చెప్పను. చేపతో చిక్కు లేదు, పులుసు రుచికి అన్నం మూడోసారి వడ్డించుకోవడంతోనే చిక్కు. రోజుకు 100 నుంచి 150 గ్రాముల చేప గానీ రొయ్యలు గానీ పులుసులోనో, కొద్ది నూనెతో కూరగానో తినండి, వేపుడు వద్దు. శాకాహారం రోజున గట్టి పప్పు ఒక కప్పు, పెరుగు ఒక కప్పు. మూత్రంలో ఆల్బుమిన్ గానీ, క్రియాటినిన్ గానీ ఎక్కువగా వస్తే ఈ ప్రొటీన్ లెక్క మారుతుంది, అప్పుడు డాక్టరు చెప్పినంతే.

నూనె మనిషికి నెలకు అర లీటరు. నలుగురుంటే రెండు లీటర్లు. నెల మొదట్లో అంతే పక్కన పెట్టండి, కొట్లో ఉంది కదా అని ఇంకో ప్యాకెట్ తీయకండి. ఉదయం మూడు ఇడ్లీలు సాంబారుతో, లేదా తక్కువ నూనెతో రెండు పెసరట్లు. వేరుశనగ చట్నీ రెండు చెంచాలకు మించొద్దు. వెన్న వేసిన కారం దోశ నెలకోసారి. కొట్లో కూర్చుని ఐదు టీలు తాగితే, కప్పుకు రెండు చెంచాల చొప్పున 50 గ్రాముల పంచదార అవుతుంది. అంటే పూటన్నం అంత! చక్కెర లేకుండా రెండు టీలు చాలు. చేతికందే మిక్చర్ ప్యాకెట్లను వెనక అరలోకి మార్చండి. పండు రోజుకు ఒకటి, పగటిపూట. జామ, బొప్పాయి మేలు. మామిడి రెండు చిన్న ముక్కలు, అదీ ఆ రోజు అన్నం తగ్గించి. మధ్యాహ్న భోజనం మూడింటికీ, రాత్రి భోజనం పదిన్నరకూ జరిగితే మాత్రల సమయాలన్నీ తప్పుతాయి. ఒంటిగంటన్నరకు, ఎనిమిదిన్నరకు కొట్లోకైనా క్యారేజీ తెప్పించుకోండి.

మూడు నెలల్లో 15 కేజీలు వద్దు. కొవ్వుతో పాటు కండ కరుగుతుంది, పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం పెరుగుతుంది, మానేయగానే తిరిగి పెరుగుతారు. వారానికి పావు కేజీ చొప్పున, ఆరు నెలల్లో ఐదు నుంచి ఏడు కేజీలు తగ్గినా షుగర్, బీపీ, కాలేయంలో కొవ్వు మెరుగవుతాయి. మీ బాడీ మాస్ ఇండెక్స్, అంటే ఎత్తును బట్టి చూసే బరువు లెక్క, 32 దాటింది. మనవాళ్లలో 25 దాటితేనే ఊబకాయం అంటాం. కాబట్టి ఆ తర్వాత ఇంకా తగ్గాలి, కానీ ఈ విడత ఇంతే. వారానికి ఒకసారి, ఒకే త్రాసు మీద తూగండి. నడుము కొలత నెలకోసారి, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు హద్దు.

వ్యాయామం గుండె డాక్టరు సరేనన్నాకే. మొదటి రెండు వారాలు మూడు పూటలా తిన్న తర్వాత పది నిమిషాలు చదునైన చోట నడవండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం ఉండాలి. ఆ వేగం చాలు. మెల్లగా పెంచి, రెండు నెలలకు రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులకు తేవాలి. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి ఐదు సెకన్లు ఉంచి దించండి, ఒక్కో కాలికి పది సార్లు, రోజూ రెండు పూటలు. తొడ కండరం గట్టిపడితే మోకాలి నొప్పి తగ్గుతుంది. బయల్దేరే ముందు షుగర్ 100 లోపు ఉంటే ఒక చిన్న అరటిపండు తిని వెళ్లండి, 300 దాటితే ఆ పూట మానేయండి. చెప్పులతో కాదు, నూలు సాక్సులు, బూట్లు వేసుకోండి. ఇంటికొచ్చాక అరికాళ్లు చూసుకోండి, షుగర్ ఉన్నవాళ్లకు పొక్కు తెలియకపోవచ్చు. ఎండాకాలంలో ఏడు లోపే ముగించండి, వడగాల్పుల రోజుల్లో ఇంట్లోనే తిరగండి.

మూడు నాలుగు కేజీలు తగ్గాక లేచి నిలబడితే కళ్లు తిరగడం మొదలైతే, బీపీ మాత్ర మోతాదు మీకు ఎక్కువైందేమో. సొంతంగా ఆపకుండా, వారం రోజుల బీపీ, షుగర్ అంకెలు కాగితం మీద రాసి తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. వాడుతున్న మాత్రలన్నీ, ఆ పాంటాప్రజోల్, డైక్లోఫెనాక్ షీట్లతో సహా ఒక కవరులో వేసుకుని వెళ్లండి. పొడి డబ్బా ఇప్పటికే కొని ఉంటే దాన్నీ అందులో పెట్టండి.