కోరింగి మడ అడవి అంచున విడిది కట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

కోరింగి మడ అడవి అంచున సందర్శకులు ఎండకూ వానకూ కాసేపు తలదాచుకునే విడిది ఒకటి నీ చేతుల మీదుగా లేవబోతోందని మీ నాన్న ఫోనులో చెప్పగానే, మీ పెద్దమ్మను పిలిచి ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఉద్యోగమంతా సముద్రం ఒడ్డునే చేసినవాణ్ణి నేనొక్కణ్ణే కనుక, ఈ విషయంలో గర్వపడేదీ భయపడేదీ కూడా నేనే.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. మడ ఉన్న నేలకు తీర నియంత్రణ నిబంధనలు చాలా కఠినంగా ఉంటాయి కాబట్టి అటవీ శాఖ అనుమతి కాగితం చేతికి రానిదే ఒక్క గుంజ కూడా పాతించవద్దు. ఒడ్డు దగ్గర బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. కాంక్రీటు కలపడానికే కాదు, తడపడానికి కూడా మంచినీళ్ళు ట్యాంకరులో తెప్పించు, మేస్త్రీ ‘ఈ ఒక్క పూటకేనమ్మా’ అని బతిమాలినా ఒప్పుకోవద్దు. ఉప్పు తుంపర తగిలేచోట కవరు, అంటే లోపలి ఇనుప ఊచను కప్పే కాంక్రీటు మందం, 50 మిల్లీమీటర్లు, ఆటుపోట్లకు తడిసి ఆరేచోట 75 ఉండాలి. దారి కోసమని గ్రావెలు మాత్రం పోయించకు. బురదలోంచి వేలెడంత పైకి పొడుచుకొచ్చి కనిపించేవి నల్లమడ చెట్టు ఊపిరి తీసుకునే వేళ్ళు. వాటిని కప్పేస్తే చెట్టు నిలువునా ఎండిపోతుంది. చెక్కబాట వేసి గుంజల మీద నడిపించు. నీళ్ళలో నానే గుంజను ఏ పురుగు ఎన్నాళ్ళకు తొలిచేస్తుందో అక్కడి పడవవాళ్ళను అడుగు, వాళ్ళు చెప్పింది రాసుకో.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటి, కోనసీమ కొబ్బరి తోటలను నేలమట్టం చేసి పోయింది. నష్టం అంచనా వేయడానికి వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఒకచోట విహారానికి వచ్చేవారి కోసం కట్టిన షెడ్డు ఉండేది: నాలుగు వైపులా కాంక్రీటు స్తంభాలు, పైన రేకులు, లోపల సిమెంటు బల్లలు. చూపులకు దిట్టంగా ఉండేది. ఆ దిట్టమే కొంప ముంచింది. గాలి ముదిరేసరికి పక్కనున్న పూరిపాకల వాళ్ళు, సిమెంటు కట్టడం కదా అన్న ధీమాతో, తుపాను రక్షిత భవనం దాకా పోకుండా పిల్లలను చంకనేసుకుని అందులోకి చేరారు. గోడలు లేని షెడ్డులో గాలి కప్పును కింది నుంచి తోస్తుంది, పైనుంచి లాగుతుంది. రెండూ ఒకేసారి జరుగుతాయి. రేకులు ఒక్కొక్కటే లేచిపోయాయి. చీకట్లో ఎగిరే రేకు కత్తికన్నా హీనం. బల్లల కింద దూరినవాళ్ళు బతికి బయటపడ్డారు. పసివాణ్ణి లోపలికి లాగబోయిన ఒక పడవ మనిషికి మోచేతి దగ్గర తెగింది, ఆ చేయి తరువాత తీసేయవలసి వచ్చింది.

మేము వెళ్ళేసరికి స్తంభాలు నిలబడే ఉన్నాయి. రేకులను పట్టి ఉంచవలసిన కొక్కెం బోల్టుల వంపు సాగి, తిన్నగా మేకుల్లా వేలాడుతున్నాయి. ఒక స్తంభం మూల దగ్గర గోటితో గీకితే తుప్పు పొరలు పొరలుగా నా అరచేతిలో రాలింది. బోల్టు సన్నదని, కవరు తక్కువని నివేదికలో రాశారు. అవి నిజమే. కానీ ఆ కట్టడం అసలు తప్పు తట్టుకోలేకపోవడం కాదు, తట్టుకోగలనన్నట్టు కనిపించడం. ఆ మాట రాయడానికి ఏ నివేదికలోనూ గడి ఉండదు.

అందుకని మొదటి గీత గీయకముందే ఒక్క నిర్ణయం తీసుకో. కట్టడం ఎంత గాలికి తట్టుకోవాలో చెప్పే మన దేశపు గాలి భారాల కోడు 2015 ప్రతిలో, తీరానికి 60 కిలోమీటర్ల లోపు కట్టేవాటికి లెక్కలోని గాలి వేగాన్ని హెచ్చించే గుణకం ఒకటి పెట్టారు: మామూలు కట్టడానికి 1.0, తుపాను తరువాత కూడా నిలిచి పనికిరావలసిన కట్టడానికి 1.30. నీ విడిది ఏ అంకె కిందికి వస్తుంది? 1.30 అయితే నేల ఎత్తు, స్తంభాలు, ఖర్చు అన్నీ మారతాయి, మడ అంచున అంత బరువు పెట్టడం నాకు నచ్చదు. 1.0 అయితే దాన్ని చూసిన ఏ తల్లీ తుపానులో పిల్లలను తీసుకుని దాని వైపు పరుగెత్తకూడదు. సరుగుడు గుంజలు, వెదురు, తాటాకు వాడి తేలికగా, పొట్టిగా కట్టు. పోతే పోయిందనుకుని మళ్ళీ నేయించుకునేలా ఉండనీ. రక్షిత భవనానికి దారి ఎటో, ఎంత దూరమో తెలుగులో పెద్ద అక్షరాలతో పలక పెట్టించు. తుపాను అంటే నవంబరే అనుకోకు, 1990లో మే నెలలో వచ్చింది.

మీ నాన్న పంపిన బొమ్మ చూశాను. కొంగ రెక్క విప్పినట్టు అంత చూరు బయటికి సాచావేమిటి? అందంగానే ఉంది, కాదనను, కానీ రెక్క ఉన్నదే గాలికి లేవడానికి కదా! చిన్నప్పుడు శ్రీకాకుళం వైపు తీసుకువెళ్ళినప్పుడు చుట్టిల్లు చూసి, కప్పు నేలకు ఇంత దగ్గరగా ఎందుకుంది పెదనాన్నా అని నువ్వే అడిగావు. గుండ్రటి గోడ మీద గాలి పట్టు దొరక్క జారిపోతుంది, కిందికి దిగిన తాటాకు దాన్ని లోపలికి దూరనివ్వదు. నువ్వు చుట్టిల్లే కట్టాలని నేననను. నాలుగు వైపులా వాలు ముప్పై డిగ్రీల దగ్గర పెట్టి, చూరు కురచ చేసి, నీడ కోసం వసారా కావాలంటే దాని కప్పును వేరుగా వేయించు. వసారా లేచిపోయినా అసలు కప్పును వెంట లాక్కుపోకూడదు. తుపాను కబురు వినగానే పాత వల కప్పి మేకులకు బిగించే పని కాపలాదారుకు జీతంతోపాటు అప్పగించు.

కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు తల్లీ. నాకు రానిది నీకు వచ్చు. నేను కట్టినవాటిలో మనిషి కూర్చుని అడవిని చూడాలనిపించేవి ఒక్కటీ లేవు. ఆ రెక్క బొమ్మలో కూర్చునే చోటు, కిందుగా తెరిచిన కిటికీ నాకు ఎంతో నచ్చాయి, వాటిని వదలకు.

డ్రాయింగులు కాగితం మీద పోస్టులో పంపు, ఫోనులో నా కళ్ళకు ఆనవు. గుంజకూ కప్పుకూ మధ్య కట్టు ఒక్కదాన్ని మాత్రం అసలు కొలతలో గీయించు. బోల్టు ఎంత లావో, ఏ లోహమో పక్కన రాయడం మరచిపోకు.

మీ పెదనాన్న