ముంజెలు వలిచి పెట్టేవాడు

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఇంటి నుంచే పని చేసుకోమంటే ఏప్రిల్‌లో మా ఊరు బారువ వచ్చాను. నేను గే. ఇంట్లో తెలీదు. డేటింగ్ యాప్ తెరిస్తే అందరూ విశాఖపట్నం వాళ్లే. దగ్గర్లో ఒకే ఒక్కడు దొరికాడు. తన ముఖం చూపించలేదు గానీ నా ఫొటోలు అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు ఐదు వేలు పంపకపోతే వాటిని మా నాన్నకి పంపిస్తానంటున్నాడు. ఇంకో సంగతి. సాయంత్రాలు బీచ్‌లో వాలీబాల్ ఆడే ఒకతను నాకు రోజూ ముంజెలు తెస్తున్నాడు. వలిచి మరీ పెడతాడు. అతనూ నాలాంటివాడేనా? ఎలా తెలుస్తుంది? జూన్‌లో నేను వెళ్లిపోవాలి.
- పేరు వద్దు, బారువ

జవాబు: ముందు ఆ ఐదు వేల గొడవ. రూపాయి కూడా పంపకండి. ఇప్పుడిస్తే వచ్చే నెల పది అడుగుతాడు. చాట్లు చెరిపెయ్యకుండా స్క్రీన్‌షాట్లు తీసి, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. తిరిగి నన్నే పట్టుకుంటారేమోనని టెన్షన్ వద్దు. ఇష్టపడిన ఇద్దరు మేజర్ల సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6నే తేల్చింది. బెదిరించి డబ్బు గుంజడమే నేరం.

ఇక ముంజెలు. లేత ముంజె వలవడానికి ఓపిక కావాలి. గోరు గుచ్చుకుందా, నీళ్లన్నీ చొక్కా మీదే. అంత శ్రద్ధ ఊరికే రాదనిపిస్తుంది, నిజమే. కానీ మన వైపు స్నేహితులకీ అలాగే పెడతారు (మా తమ్ముడు వాడి దోస్తుకి పెట్టినట్టు నాకెప్పుడూ పెట్టలేదు!). కాబట్టి ముంజెల్ని సాక్ష్యంగా తీసుకోకండి. నాకు వింతగా అనిపించిందేంటంటే, అతను ఏం పని చేస్తాడో, ఇంట్లో ఎవరెవరున్నారో మీరు ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు? ఓ సాయంత్రం ఆట అయ్యాక మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు దాకా ఇద్దరూ నడిచి వెళ్లండి. అతన్ని మాట్లాడనివ్వండి.

మీ సంగతి మాత్రం అప్పుడే చెప్పొద్దు. ముందు చిన్న రహస్యం ఒకటి చెప్పి చూడండి, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నానని. వారం దాటినా అది మీ అమ్మగారి చెవిన పడలేదంటే, నోరు గట్టివాడే. పెద్దది అప్పుడు చెప్పొచ్చు. కాదంటే కాదంటాడు. ఆ రాత్రి ఏడుపొస్తుంది, రానివ్వండి.

జూన్ అంటారా, హైదరాబాద్ నుంచి పలాసకి రైళ్లున్నాయి. ఈలోగా ముంజెలు అయిపోతే ఉద్దానం పనసపండ్లు ఎలాగూ ఉంటాయి. చేతికి నూనె రాసుకుని ఆ తొనలు మీరు వలవండి.